పాతికేళ్లకే దివాన్ కొలువు వదిలి... గాజు కొలువు దీర్చిన మూడో సాలార్‌జంగ్

పట్నం పోయిన ప్రతి స్కూల్ పిల్లాడూ సాలార్‌జంగ్ మ్యూజియం చూసే వస్తాడు. గంట కొట్టే బొమ్మ గడియారం ముందు నిలబడతాడు. ముసుగులోంచి ముఖం కనిపించే రెబెక్కా పాలరాతి బొమ్మను చూసి నోరెళ్లబెడతాడు. గాజు సామాను పెట్టిన గదిలోకి వచ్చేసరికి మాత్రం అడుగులు వేగం పెరుగుతాయి. గిన్నెలు, గిలాసలే కదా అనుకుంటాం. నిజానికి ఆ మ్యూజియాన్ని కూడబెట్టిన మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆగాల్సింది అక్కడే. అద్దాల అలమరల్లో వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ గాజు వరుసగా కనబడుతుంది. వేలు తగిలితే పగిలే వస్తువులు అన్ని దేశాలు దాటి మూసీ ఒడ్డుకు ఎట్ల చేరాయి? చేరినవి ఇన్నేళ్లుగా ఎట్ల నిలిచాయి? మొదటి ప్రశ్నకు జవాబు ఒక నవాబు. రెండో ప్రశ్నకు జవాబు ఆయన ఒక్కడే కాదు. కొలువు వెతుక్కుంటున్న మీకు పనికొచ్చేది ఆ రెండో జవాబే.

పుట్టిన నెలలోపే తండ్రి పోయాడు

మూడో సాలార్‌జంగ్ అసలు పేరు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్, 1853 నుంచి 1883లో చనిపోయేదాకా హైదరాబాద్ రాజ్యానికి దివాన్. నిజాం పాలనను జిల్లాలుగా, శాఖలుగా విభజించి గాడిలో పెట్టింది ఆయనే. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్, రెండో సాలార్‌జంగ్, కూడా కొన్నేళ్లు దివాన్‌గా చేశారు. కొడుకు పుట్టి నెల నిండకముందే, 1889 జూలైలో ఆయన కన్నుమూశారు.

పసివాడి బాగోగులు చూసే బాధ్యత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తీసుకున్నారు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఈ నిజాం పేరు మీదే. అంటే మన జిల్లా పేరులో ఉన్న మనిషి నీడలోనే ఆ పిల్లవాడు పెరిగాడు.

ఇంట్లో అప్పటికే కళా వస్తువులు ఉన్నాయి. రెబెక్కా విగ్రహాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కితే, 1876లో రోమ్ వెళ్లినప్పుడు తాత కొన్నారు. కాబట్టి సేకరణ అనేది ఆ ఇంటి అలవాటు. కానీ ఇప్పుడు మ్యూజియంలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మనవడు కూడబెట్టిందే.

రెండేళ్ల దివాన్

1911లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. మరుసటి ఏడాది, 1912లో మహారాజా కిషన్ ప్రసాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్‌ను దివాన్‌గా నియమించారు. అప్పటికి ఆయన వయసు 23. ఇవాళ ఆ వయసులో మనలో చాలామంది పీజీ చేస్తుంటారు, లేదంటే గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటారు. ఆయనకు ఆ వయసులోనే దేశంలోని అతి పెద్ద సంస్థానాల్లో ఒకదాని పాలన చేతికొచ్చింది.

అది ఎంతో కాలం నిలవలేదు. 1914 నవంబర్‌లో రాజీనామా చేశారు. తాత 30 ఏళ్లు కూర్చున్న కుర్చీలో మనవడు రెండేళ్లకు కాస్త ఎక్కువ కూర్చున్నారంతే. పాతికేళ్లకే మాజీ అయిపోయారు. ఆ తర్వాత మళ్లీ ఆ పదవిలోకి రాలేదు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన 35 ఏళ్లూ ఒకే పనికి ఇచ్చేశారు. పాత వస్తువులు, పుస్తకాలు, చిత్రాలు, గాజు, పింగాణి, చేతికర్రలు, బొమ్మలు... కంటికి నచ్చినదల్లా కొన్నారు.

ఆయనకు బతుకుతెరువు బెంగ లేదు కాబట్టి ఈ కథను మన కథతో సూటిగా పోల్చలేం. అయినా ఒక సంగతి గమనించండి. పెద్ద పదవి చేజారిన పాతికేళ్ల మనిషిని వందేళ్ల తర్వాత కూడా లోకం గుర్తుపెట్టుకుంది. ఆ పదవి వల్ల కాదు, దాని తర్వాత పట్టుకున్న పని వల్ల.

దేవిడీకి వచ్చిన ప్రపంచం

మూసీకి దక్షిణాన, పాత బస్తీలోని దివాన్ దేవిడీ ఆయన నివాసం. వస్తువుల మీద ఆయనకున్న మోజు అందరికీ తెలిసిపోయాక అమ్మేవాళ్లు దేవిడీకే రావడం మొదలుపెట్టారు. ఆయన కూడా యూరప్ తిరిగి కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో ఎన్నో పెద్ద ఇళ్ల సామాను అంగట్లోకి వచ్చింది. చేతిలో పైసలు, కంటికి అలవాటైన రుచి ఉన్నవాడికి అది మంచి అదను.

గాజు విషయంలో ఆయన బతికిన కాలం మరీ ప్రత్యేకం. ఇంద్రధనుస్సు రంగులు మెరిసే గాజు ప్రపంచమంతా ఊపందుకున్నది అప్పుడే. అమెరికాలో లూయీ కంఫర్ట్ టిఫనీ తన మెరుపు గాజుకు 1894లో ఫావ్రిల్ అని పేరు నమోదు చేయించుకున్నాడు. అప్పుడు యూసుఫ్ అలీ ఖాన్‌కు అయిదేళ్లు. బొహీమియాలో లోయెట్జ్ కార్ఖానా కూడా అదే దారిలో నడిచింది. అవన్నీ ధనవంతుల ఇళ్లకే.

తర్వాత అమెరికాలోనే వెస్ట్ వర్జీనియాలో ఫెంటన్ కార్ఖానా అదే మెరుపును చవకగా తెచ్చింది. కరిగిన గాజును అచ్చులో పోసి నొక్కడం, వేడి మీద ఉండగానే లోహ లవణాల ద్రావణం చిమ్మడం, అంతే. 1908 నాటికి ఆ సరుకు బజార్లో ఉంది. మామూలు ఇళ్లవాళ్లు కూడా కొనుక్కోగలిగారు. కొన్నాళ్లకు మోజు తగ్గింది. మిగిలిన సరుకు జాతరల్లో ఆటలు గెలిచినవాళ్లకు బహుమతిగా ఇచ్చేవారని చెప్పుకుంటారు. అందుకే సేకర్తలు తర్వాతి కాలంలో దానికి కార్నివల్ గ్లాస్ అని పేరు పెట్టారు. మన మాటల్లో జాతర గాజు. కురుమూర్తి జాతరలోనో, పెద్దగట్టు జాతరలోనో రింగు విసిరి గెలుచుకున్న గిన్నె ఇవాళ సేకర్త అలమరలో కూర్చున్నట్టు ఊహించుకోండి.

ఈ మెరుపు మన దేశంలోనూ తయారైంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గాజులకు ఎంత పేరో తెలుసు కదా. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ ఈ రకం కూజాలు, గిలాసలు చేసింది. కొన్నింటి మీద జైన్ అనే పేరు అచ్చులోనే పోసి ఉంటుంది. ఇవాళ విదేశీ సేకర్తలు కూడా వాటి కోసం వెతుకుతారు.

ఆ రంగులు ఎక్కడివి?

సైన్స్ విద్యార్థులకు ఇది తెలిసిన పాఠమే. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోల్ చుక్క పడితే రంగులు తేలతాయి. సబ్బు బుడగ మీదా అంతే. అందులో రంగు కలపలేదు. సన్నటి పొర పైభాగం నుంచి కొంత వెలుగు, అడుగు నుంచి కొంత వెలుగు తిరిగొస్తాయి. ఆ రెండు తరంగాలు కలిసినచోట కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. భౌతికశాస్త్రంలో దీన్నే వ్యతికరణం అంటాం. గాజు మీద చిమ్మిన తగరం, ఇనుము లవణాలు అలాంటి సన్నటి పొరనే మిగులుస్తాయి. అందుకే గిన్నెను కాస్త తిప్పితే రంగు మారుతుంది.

ప్రకృతి కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే తీరిగ్గా. శతాబ్దాలు మట్టిలో ఉన్న గాజు నుంచి తేమ కొన్ని పదార్థాలను లాగేస్తుంది. పైన పొరలు పొరలుగా పలచటి తొడుగు ఏర్పడుతుంది. తవ్వకాల్లో దొరికిన పాత రోమన్ గాజు మెరిసేది ఇందుకే. ఆ మెరుపును చూసే టిఫనీ లాంటివాళ్లు కార్ఖానాలో దాన్ని సాధించాలనుకున్నారు. అంటే సేకర్త అందం అని ముచ్చటపడేది సంరక్షకుడి కంటికి శిథిలం మొదలైన గుర్తు కూడా కావచ్చు. రెండు చూపులూ ఉన్నవాడే మంచి మ్యూజియం మనిషి.

పైసలు ఎవరివి?

పొగడ్తతోనే ఆపేస్తే ఈ కథ సగమే చెప్పినట్టు. సాలార్‌జంగ్ కుటుంబానికి పెద్ద జాగీరు ఉండేది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న కొప్పళ, యెల్బుర్గా, మహారాష్ట్రలోని అజంతా అందులోవే. మన కోస్గి కూడా. నిన్నమొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా అయిన అదే కోస్గి. జాగీరు అంటే ఆ ఊళ్ల శిస్తు జాగీర్దారుకు పోవడం. వానను నమ్ముకుని జొన్న, ఆముదం పండించిన రైతు కట్టిన పైసలూ ఆ రాబడిలో ఉన్నాయి. ఆ రాబడి మీద బతికిన ఇంట్లోనే వెనిస్ గిన్నె అలమరలోకి చేరింది.

పాలమూరు కూలీలు పని కోసం దేశమంతా వలస పోయిన సంగతి మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి నవాబు గొప్ప రసికుడు అని చేతులు దులుపుకోలేం. అదే సమయంలో ఆయన ఆ పైసలతో కొన్నవి ఇవాళ ప్రజల ఆస్తి అన్నదీ నిజం. కోస్గి పిల్లాడు టికెట్ కొని లోపలికి పోయేది వేరొకరి ఇంటికి కాదు, తన తాత ముత్తాతల చెమట ఉన్న చోటుకే. ఇది ఇలా మారడం దానంతటదే జరగలేదు. అసలు కథ ఇక్కడే ఉంది.

వీలునామా లేదు

1949 మార్చి 2న మూడో సాలార్‌జంగ్ కన్నుమూశారు. వయసు 59. భార్యాపిల్లలు లేరు. వీలునామా రాయలేదు. అప్పటికి హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసి ఆరు నెలలు కూడా కాలేదు. మరో అయిదు నెలలకు, అదే ఏడాది ఆగస్టు 15న, జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. ఒకపక్క జాగీరు పోయింది. ఇంకోపక్క దేవిడీ నిండా వేల వస్తువులు. హక్కు మాదంటే మాదని బంధువులు. అప్పట్లో ఆ సొత్తు పంపకాల్లో పడి చెదిరిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. ఎన్నో సంస్థానాల సొత్తు అలాగే పోయింది.

నిలబెట్టినవాళ్లు వేరే ఉన్నారు. ప్రభుత్వం ఎస్టేట్ కోసం కమిటీ వేసింది. దీన్ని మ్యూజియం చేయాలన్న ఆలోచనకు అప్పటి సివిల్ అడ్మినిస్ట్రేటర్ ఎం.కె. వెల్లోడి ఊపిరి పోశారు. కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ ఆ గుట్టలోంచి వస్తువులను ఏరి, వర్గాలుగా సర్ది, చూడదగ్గ వరుసలో పెట్టించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు.

హక్కుల తగువు మాత్రం నడుస్తూనే ఉంది. చివరికి 1958లో హైకోర్టు రాజీ డిక్రీ ద్వారా వారసులు సేకరణను ప్రజల కోసం వదులుకున్నారు. 1961లో పార్లమెంట్ సాలార్‌జంగ్ మ్యూజియం చట్టం చేసి, దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో సేకరణ దారుల్‌షిఫాలోని ఇప్పటి భవనానికి మారింది. దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్. తర్వాత తూర్పు, పశ్చిమ భవనాలు వచ్చి చేరాయి.

ఒక్కసారి ఆలోచించండి. కొనడానికి 35 ఏళ్లు పట్టింది. కొన్నది నిలబడటానికి, ఆయన పోయాక, మరో 20 ఏళ్లు పట్టింది. ఆ 20 ఏళ్లలో పనిచేసింది ఎక్కువగా మన లాంటి జీతగాళ్లే. జాబితా రాసిన గుమస్తా, విరిగిన అంచును గుర్తించి నమోదు చేసినవాడు, ఒక్క గిలాస పగలకుండా బండి మీద కొత్త భవనానికి చేర్చిన మనిషి. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా ఉండవు. వాళ్లు లేకపోతే ఆ గోడే ఉండేది కాదు.

మీరు మొదలుపెట్టాలంటే

నవాబు చేసిన పనికి జాగీరు కావాలి. ఆయన చేయకుండా వదిలేసిన పనికి ఒక నోట్‌బుక్ చాలు. ఏదైనా సేకరించే అలవాటు మీకుంటే ముందు రాత నేర్చుకోండి. వస్తువు ఒక్కటే కావచ్చు, ఇంట్లో నానమ్మ దాచిన మెరుపు గిలాస కావచ్చు. దానికి ఒక నంబర్ ఇవ్వండి. ఎత్తు, వెడల్పు కొలవండి. రంగు, అడుగున గుర్తు, పెచ్చు ఊడిన చోటు రాయండి. ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అడిగి తెలుసుకోండి. నాలుగు వైపుల నుంచి ఫొటో తీయండి. మ్యూజియంలో అక్సెషన్ రిజిస్టర్ అనేది ఇదే. వస్తువు విలువలో సగం దాని కథలో ఉంటుంది. కథ రాయకపోతే మనిషితోపాటే పోతుంది.

కొనాలనుకుంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ ఉన్నాయి. తొందరపడొద్దు. మెరుపు పొర అక్కడక్కడా అరిగిందా చూడండి. అసలైన పాత వస్తువు అడుగున వాడకం వల్ల పడ్డ గీతలు ఉంటాయి. తెచ్చాక పీచు పెట్టి తోమొద్దు. మరిగే నీళ్లు వద్దు. మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు చాలు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు నూరేళ్లు దాటితే పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1908 నాటి గిన్నెకు నూరేళ్లు ఎప్పుడో నిండాయని మరవొద్దు.

కొలువుల దారి

ఈ రంగంలో ఉద్యోగాలు లక్షల్లో ఉండవు. పోటీపడేవాళ్లూ లక్షల్లో ఉండరు. మ్యూజియాలజీ, కన్జర్వేషన్, కళాచరిత్రలో పీజీ కోర్సులకు నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది. పాత నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూటే ఇది. బరోడాలోని మహారాజా సయాజీరావ్ వర్సిటీ, బనారస్ హిందూ వర్సిటీల్లో మ్యూజియాలజీ విభాగాలున్నాయి. పాత వస్తువుల శాస్త్రీయ సంరక్షణకు లక్నోలో జాతీయ పరిశోధనశాల ఉంది. హిస్టరీ వాళ్లకే అనుకోవద్దు. గాజు, లోహం, కాగితం ఎందుకు పాడవుతాయో తెలియాలంటే కెమిస్ట్రీ కావాలి. పాలమూరు, మహాత్మాగాంధీ వర్సిటీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లకు ఇది ఎవరూ చెప్పని దారి. కంప్యూటర్ వాళ్లకూ చోటుంది. మ్యూజియం వస్తువుల వివరాలను డిజిటల్ చేయడానికి సీడాక్ జతన్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా దాన్ని వాడారు.

అలవాటు కోసం పట్నం దాకా పోనక్కర్లేదు. నల్లగొండ పక్కన పానగల్లులో, మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిలో మ్యూజియాలున్నాయి. పాత నల్లగొండ జిల్లాలోని ఫణిగిరిలో 2024లో 3,730 సీసపు నాణేలున్న కుండ బయటపడింది. అక్కడే గాజు పూసలు కూడా దొరికాయి. వాటిని లెక్కపెట్టి, కడిగి, కొలిచి, రాసే చేతులు ఎప్పుడూ తక్కువే.

ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియం పోతే శుక్రవారం సెలవని గుర్తుపెట్టుకోండి. గడియారం దగ్గర గంట కొట్టేదాకా ఆగినట్టే గాజు గదిలోనూ కాసేపు ఆగండి. వస్తువు పక్కనున్న చిన్న చీటీ చదవండి. వస్తువు నవాబుది. ఆ చీటీ రాసింది ఒక ఉద్యోగి. తర్వాతి చీటీ రాసేది మీలో ఒకరు కావచ్చు.

పోటీ పరీక్షల కోసం

మూడో సాలార్‌జంగ్: మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949)
దివాన్ పదవి: 1912–1914, ఏడో నిజాం కాలం
మ్యూజియం ప్రారంభం: 1951 డిసెంబర్ 16, నెహ్రూ
జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా గుర్తింపు: 1961 చట్టం
ఇప్పటి భవనం: 1968, దారుల్‌షిఫా
రెబెక్కా శిల్పి: బెంజోనీ, కొన్నది మొదటి సాలార్‌జంగ్, 1876